ఏడు గంటల ఏడు నిమిషాల భుజం

ఈ వ్యవహారంలో దిగేనాటికి నా చేతిలో ఏమున్నాయో ముందు చెబుతాను. యాభై నాలుగేళ్ళ వయసు. బెల్లం మార్కెట్ యార్డులో నాదని అందరూ ఒప్పుకున్న ఒక అరుగు. దిమ్మను గోటితో గీకి అది వానాకాలం దాకా ఆగుతుందో లేదో చెప్పగల ఒక బొటనవేలు. నా చేతిని నమ్మి బెల్లం దింపే రైతులు, పన్నెండు ఊళ్ళలో మిగిలిన ఎనిమిది ఊళ్ళవాళ్ళు. సత్యవేణి అనే భార్య. లేనిదల్లా ఒకటే. బేరమాడాలన్న కోరిక.

అది ఎప్పుడు పోయిందో నాకు తెలియలేదు. పోయిందని కనిపెట్టింది సత్యవేణి. ఒకరోజు వంకాయలు తెచ్చి గుమ్మంలో పెట్టాను.

"ఎంతకి కొన్నారు?"

"ఆవిడ అడిగిందానికి."

సత్యవేణి సంచీ పక్కన పెట్టి నా నుదుటి మీద చెయ్యి వేసింది. "ఏటయ్యిందండీ మీకు? జ్వరం కూడా లేదు."

మా యార్డులో బేరం నోటితో ఆడరు. ఇద్దరి చేతుల మీదా ఒక తువ్వాలు కప్పుతారు. దాని కింద వేళ్ళు మాట్లాడుకుంటాయి. అరచెయ్యి మొత్తం పట్టుకుంటే యాభై, వేలు ఒక్కటీ పది, వేలి కణుపు ఒకటి. పక్కన నిలబడ్డవాడికి రెండు ముఖాలు తప్ప ఏమీ కనబడదు. ఒకప్పుడు నేను చెయ్యి పట్టుకుంటే ఎదుటివాడికి చెమట పట్టేదాకా వదిలేవాణ్ణి కాను. అలాంటిది, మొదటి నొక్కుకే వదిలేయడం మొదలుపెట్టాను. తీరిక దొరికితే దిమ్మలకి ఆనుకుని కునుకు తీసేవాణ్ణి. "షావుకారూ, నీ సెయ్యి సల్లబడిపోనాది," అని ఒక ముసలి రైతు మొహం మీదే అన్నాడు. ఆ సంవత్సరం పన్నెండు ఊళ్ళలో నాలుగు వేరే అరుగులకి జారిపోయాయి.

డాక్టర్ శశికిరణ్ కుర్రవాడే గాని నిదానస్తుడు. రెండుసార్లు పొద్దున్నే రక్తం తీయించి చూసి, మగ హార్మోను బాగా తక్కువగా ఉందన్నాడు. టెస్టోస్టెరాన్ జెల్ రాశాడు.

"రోజుకో ప్యాకెట్. పొద్దున్న స్నానం చేసి, ఒళ్ళు తుడుచుకుని భుజానికి రాయండి. ఆరాక చొక్కా వేసుకోండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. రాసినచోటు ఇంకొకరికి తగలకూడదు, ఆడవాళ్ళకీ పిల్లలకీ అసలు తగలకూడదు. రోజూ ఇంచుమించు అదే వేళకి రాయండి, మానకండి. మూడు నెలలకి చూద్దాం."

"అరగంట అటూ ఇటూ అయితే?"

"పళ్ళు తోముకోవడానికి గడియారం చూస్తారా? ఇదీ అంతే. అలవాటు తప్పకపోతే చాలు."

ఇంత సులువైన సరుకు అంతే సులువుగా ఇంటికి చేరుతుందనుకోవడం నా బేరసారాల తెలివి ఎంత పోయిందో చెబుతుంది.

మందుల షాపువాడు చీటీ చూసి తల అడ్డంగా ఊపాడు. మా జిల్లాలో ఈ మందు వర్తక ఆరోగ్య క్రమపాలన మండలి ద్వారానే ఇస్తారట. మండలి కార్యాలయం మా యార్డులోనే, కాటా షెడ్డు పక్క గదిలో ఉంది. అధికారి పేరు విశ్వపతి గారు. రోజూ నగరం నుంచి రైల్లో వస్తారు.

దరఖాస్తులో 'జెల్ రాసుకొను సమయము' అన్నచోట 'స్నానం తర్వాత' అని రాశాను.

విశ్వపతి గారు ఆ మాట కింద ఎర్రగీత గీశారు. "నూకరాజు గారూ, 'స్నానం తర్వాత' అనేది గడియారంలో ఎక్కడుందండీ?"

"డాక్టరు గారు ఇంచుమించు అదే వేళకి అన్నారండీ."

"ఇంచుమించు అనే పదం మండలి నియమావళిలో లేదు. శాస్త్రం కోరేది క్రమం. మీకో వేళ, ఇంకొకరికో వేళ అయితే తనిఖీ ఎవరు చేస్తారు? పదిహేడు మంది లబ్ధిదారుల పదిహేడు స్నానాల గదుల్లో మండలి నిలబడగలదా? తనిఖీ లేని క్రమం క్రమం కాదు, సంత."

"ఇది సంతేనండీ," అన్నాను.

ఆయన ఆ మాట రాసుకోలేదు.

పై కార్యాలయం నుంచి ఒక బృందం వచ్చి, పదిహేడు మంది స్నానం చేసే వేళలు సేకరించి, సగటు తీసింది. ఒకాయన సాయంత్రం స్నానం చేస్తాడు. సగటు చెడకుండా ఆయన్ని ఉదయానికి బదిలీ చేశారు. ఏడు గంటల ఏడు నిమిషాలు తేలింది. తొంభై రోజులు వరుసగా, యార్డులో, మండలి ఎదుట, ఏడూ ఏడుకి జెల్ రాసుకోవాలి. ఒక్కరోజు తప్పితే మళ్ళీ ఒకటి నుంచి. తొంభై నిండినవాడికి 'స్థిర లబ్ధిదారు' పత్రం ఇస్తారు. ఆ పత్రం ఉన్నవాడు ఇంటి దగ్గర తనకి వీలైనప్పుడు రాసుకోవచ్చు. క్రమం ఒకసారి రుజువయ్యాక ఇక క్రమంగా ఉండాల్సిన పని లేదని నియమావళి.

నేను లెక్క వేసుకున్నాను. తొంభై పొద్దులు పెట్టుబడి, ఆ తర్వాత జీవితమంతా మన స్నానాల గది. ఒప్పందం బాగానే ఉందనిపించి సంతకం పెట్టాను. అదే పాత నూకరాజైతే ఎనభైకి అడిగి ఉండేవాడు.

మొదటిరోజు మైకులో పిలిచారు. "పురుష హార్మోను లోప లబ్ధిదారులు చొక్కాలు విప్పి వరుసలో నిలబడవలసిందిగా మనవి." బెల్లం బళ్ళ మీంచి నాలుగొందల మంది చూశారు. అప్పటిదాకా ఊళ్ళో పదిహేడు మంది విడివిడిగా దాచుకున్నది ఒక్క నిమిషంలో అందరి సొత్తయింది. వరుసలో నా ముందున్నాయన నాతో పదేళ్ళుగా మాటల్లేని మనిషి. వెనక్కి తిరిగి, "నువ్వూనా," అన్నాడు. ఆరోజు నుంచి మాట కలిసింది.

అందరి హాజరూ పడే వేలిముద్రల మిషను తాళం సీనియర్ అసిస్టెంట్ హైమావతి గారి దగ్గర ఉండేది. ఇరవై ఒక్కేళ్ళ సర్వీసున్న మనిషి. తక్కువ మాట్లాడుతుంది. మందు ప్యాకెట్టులోని కాగితం మా అందరిలో చదివింది ఆవిడ ఒక్కతే.

నేను జెల్ రాసుకుని కుళాయి వైపు అడుగు వేశాను. విశ్వపతి గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఎక్కడికి?"

"చేతులు కడుక్కోడానికండీ."

"కడిగితే ఆధారం పోతుంది. భుజం మీద జెల్ ఉంది, మిషను మీద వేలిముద్ర ఉంది. ఆ భుజం ఈ వేలివాడిదే అని పై కార్యాలయం ఎలా నమ్మాలి? బొటనవేలితో భుజాన్ని తాకి, ఆ వేలు మిషను మీద పెట్టండి. భుజానికీ వేలికీ సంబంధం స్థాపితమవుతుంది. ఇంకో విషయం. తడి ఉండగానే రావాలి. ఆరిన జెల్‌కి సాక్ష్యం విలువ లేదు."

"సార్," అంది హైమావతి గారు, "ఇందులో చేతులు కడగమని రాసుంది. ఆడవాళ్ళకి తగలకూడదనీ రాసుంది. నా హాజరు కూడా ఈ మిషను మీదే కదా పడాలి."

"మీ అభ్యంతరాన్ని ఫైల్లో పెట్టండి."

"ఆ ఫైలు ఎక్కడుంది సార్?"

"అభ్యంతరం వస్తే తెరుస్తాం."

ఆవిడ ఆరోజు మిషను మీద వేలు పెట్టలేదు, మర్నాడు రబ్బరు తొడుగులు తొడుక్కుని వచ్చింది. మిషను తొడుగుని గుర్తించలేదు. హాజరు పడలేదు. తొడుగు తీయమన్నారు. తీయనంది. ఆనాటి నుంచి రోజూ అందరికంటే ముందు వచ్చి, తాళం తీసి, మిషను తెరిచి, సాయంత్రం దాకా పని చేసి, గైర్హాజరై ఇంటికి వెళ్ళేది.

మాకు మిషను పని అయ్యేసరికి వేలం గంట కొట్టేవారు. కడగని చేతులతోనే తువ్వాళ్ళ కిందకి వెళ్ళేవాళ్ళం.

నా దగ్గర బెల్లం కొనేవాడు మళ్ళ గోవిందు. వరసకి బావమరిది. మనిషి మెత్తన, చెయ్యి ఇంకా మెత్తన. పదిహేను రోజులు గడిచేసరికి తువ్వాలు కింద వాడి పట్టు మారింది. నెల తిరిగేసరికి నా వేళ్ళు చిట్లేలా పట్టేవాడు.

"బావా, ఏటో ఈమజ్జిన నీ సెయ్యి పట్టుకుంటే వదలబుద్ధి కాదు," అన్నాడు.

"నాకు వదలబుద్ధి అవుతోంది," అన్నాను.

అయిదో ఊరు జారిపోయింది ఆ వారమే.

విశ్వపతి గారిలోనూ మార్పు వచ్చింది. ఆయన హాజరూ మా పదిహేడు వేళ్ళ తర్వాత అదే మిషను మీద పడుతుంది. మొదట్లో వారానికి ఒక సర్క్యులర్ రాసేవారు. ఇరవయ్యో రోజు వచ్చేసరికి పూటకి మూడు రాస్తున్నారు. కుర్చీలో కూర్చోవడం మానేశారు. భుజం చాచాల్సిన కోణం మీద ఒకటి, వెంట్రుకలున్న భుజాలకి ఒకటి, వర్షం రోజున ఆకాశం నుంచి పడిన తడినీ జెల్ తడినీ వేరుచేయడం గురించి అనుబంధాలతో ఒకటి.

ఆయనకి ఒక్కటే లోటు. ఆయన రైలు ఏడూ యాభైకి వస్తుంది. ఒక్కోరోజు తొమ్మిదికి. అధికారి లేకుండా ఏడూ ఏడుకి రాస్తే తనిఖీ లేదు, ఆయన వచ్చాక రాస్తే ఏడూ ఏడు కాదు. ఈ చిక్కుని ఆయన మొదట్లోనే ఒక్క సర్క్యులర్‌తో విప్పారు. యార్డుకి అధికారికమైన గడియారం గోడ మీది పాత లోలకం గడియారం ఒక్కటే. వేలం గంట కూడా దాన్నిబట్టే. అది ఏడూ ఏడు చూపగానే హైమావతి గారు లోలకం ఆపాలి. అధికారి వచ్చి, రాయడం పూర్తయ్యాక, అధికారే స్వయంగా లోలకం ఊపాలి. అప్పటిదాకా ఏడూ ఏడు దాటినట్లు ఎవరూ భావించరాదు. సాయంత్రం తాళం వేసేముందు హైమావతి గారు ఆ గడియారం ముళ్ళు తిప్పి మళ్ళీ లోకంతో కలిపేవారు.

అలా మా యార్డులో ఎనిమిది గంటల వేలం తొమ్మిదికీ, పదికీ, ఒక్కోరోజు పదకొండుకీ జరగసాగింది. అది ఎండాకాలం. బెల్లం గడియారం చూసి కరగదు. దిమ్మలు చెమర్చేవి, గోనెలు అంటుకునేవి, ఈగలు మాత్రం వేళకి వచ్చేవి.

నలభై అయిదో రోజున డాక్టరు దగ్గర రక్తం ఇచ్చాను. అంకె కదలలేదు.

"రాస్తున్నారా?"

"నాలుగొందల మంది చూస్తుండగా రాస్తున్నానండీ."

"ఆరనిస్తున్నారా?"

"ఆరితే చెల్లదండీ."

"చేతులు కడుగుతున్నారా?"

"అది ఆధారాలు చెరపడం కిందకి వస్తుందండీ."

డాక్టరు నా చీటీ పక్కకి నెట్టాడు. "పోనీ, రోజూ ఒకే వేళకేనా?"

"గడియారం ప్రకారం నిమిషం తేడా లేదండీ. ఎండ ప్రకారం మూడు గంటలు అటూ ఇటూ."

"ఇంటి దగ్గర ఇంకోసారి రాసుకుందామని మాత్రం అనుకోకండి. రోజుకి ఒకటే. నూకరాజు గారూ, మందు మీ పేరున వస్తోంది గాని మీకు చేరడం లేదు."

ఆ మాటతో నాకు విషయం అర్థమైంది. మా యార్డులో ఒక ఆచారం ఉంది. తక్కెడ పళ్ళానికి అంటుకున్న బెల్లం తూచేవాడిది. రైతుదీ కాదు, కొన్నవాడిదీ కాదు. రోజంతా తూచినవాడు సాయంత్రం పళ్ళెం గీక్కుంటే ముద్దంత వస్తుంది. మండలి మిషను మా జెల్‌కి తక్కెడ పళ్ళెం. తువ్వాలు రెండో పళ్ళెం. నేను దిమ్మని మాత్రమే.

మానేద్దామనుకున్నాను. కాని నలభై అయిదు రోజులు పెట్టాను. పెట్టుబడిలో సగం పోసినవాడు నూతిలో సగం దిగినవాడితో సమానం. పైకి వచ్చినా, అడుక్కి వెళ్ళినా దూరం ఒకటే. అడుగున నీళ్ళున్నాయి కదా అని దిగాను.

ఎనభై తొమ్మిదో రోజు వచ్చింది.

ఏడూ ఏడుకి హైమావతి గారు లోలకం ఆపారు. తొమ్మిదైంది. పదకొండైంది. విశ్వపతి గారు రాలేదు. చొక్కాల్లేకుండా, విప్పని ప్యాకెట్లు చేత పట్టుకుని పదిహేడు మందిమి నిలబడ్డాం. పన్నెండింటికి నేనే ఫోను చేశాను.

"నేను నగరంలో ఉన్నానండీ. సమయపాలన మీద రాష్ట్రస్థాయి సదస్సు. మన యార్డు గురించే ప్రసంగం."

"మరి మా సంగతేంటండీ?"

"యార్డులో టైమెంతయింది?"

"ఏడూ ఏడు."

"మరి కంగారెందుకు? మీకు ఆలస్యం కాలేదు కదా."

మూడింటికి దిమ్మల నుంచి పాకం కారడం మొదలైంది. ముసలి రైతు ఒకడు గోనెపట్టా తడిపి బండి మీద కప్పుతూ, "షావుకారూ, మీ బుజాలకి మందేటో గాని మా బతుకు నీరైపోతన్నాది," అన్నాడు. యార్డు గేటు మాత్రం ఆ గడియారాన్నిబట్టి కాదు, పొద్దునిబట్టి ఆరింటికి మూస్తారు. మూశారంటే రోజు తప్పినట్టే. పదిహేడు మందికీ మళ్ళీ ఒకటి నుంచి. ఒకాయన గోడ వైపు తిరిగి ఏడ్చాడు. గోవిందు కూడా వచ్చి, "అది ఊపితే పోద్ది కదా బావా," అన్నాడు. అందరం గడియారం వైపు చూశాం. ఎవరం కదల్లేదు. ఊపినవాడి పేరు సర్క్యులర్ ప్రకారం జాబితా నుంచి కొట్టేస్తారు.

అయిదింటికి హైమావతి గారు స్టూలు తెచ్చి గడియారం కింద వేశారు.

"అమ్మా, మీ ఉద్యోగం," అన్నాను.

"ఏ ఉద్యోగం నూకరాజు గారూ? ఎనభై ఎనిమిది రోజులుగా నేను రాలేదు. ఇవాళ కూడా రాలేదు. రాని మనిషి గడియారాన్ని ఎలా ముట్టుకుంటుంది?"

ఎక్కి, తొడుగు వేసిన చేత్తో లోలకాన్ని ఒక్క తోపు తోసింది. టిక్కుమంది. మేం గబగబా రాసుకున్నాం. మిషను మీద వేళ్ళు పెట్టాం. ఆవిడ ముల్లుని ఎనిమిదికి జరిపి వేలం గంట కొట్టించింది. ఆరింటిలోగా ఆనాటి బెల్లమంతా కదిలింది.

మర్నాడు తొంభై నిండింది. ఆ మర్నాడు పై కార్యాలయం నుంచి విచారణ వచ్చింది. అధికారి ఊళ్ళో లేనిరోజు ఏడూ ఏడు ఎలా దాటిందన్నది ప్రశ్న. మమ్మల్ని అడిగారు. చొక్కాలు వెతుక్కుంటూ కింద చూస్తున్నాం అని పదిహేడు మందిమీ చెప్పాం. నివేదిక నోటీసు బోర్డులో పెట్టారు. 'సదరు దినమున కార్యాలయమునందు ఎవ్వరును హాజరు కానందున, సమయము తనంతట తానే గడిచినదిగా భావించడమైనది. ఇట్టిది పునరావృతము కాకుండ చూడవలెను.'

నాకు పత్రం వచ్చింది. అప్పటి నుంచి స్నానం చేసి, తుడుచుకుని, భుజానికి రాసి, చేతులు కడుక్కుని, ఆరేదాకా కాఫీ తాగి, చొక్కా వేసుకునేవాణ్ణి. ఆరున్నర, ఆరూ నలభై, ఒక్కోరోజు ఏడు. మూడు నెలలకి డాక్టరు రక్తం కాగితం చూసి, అంకె పెరిగిందని తల ఊపాడు. ఆ ముందురోజే సత్యవేణికి వీధి గుమ్మం దగ్గర గొడవ వినబడింది. వచ్చి చూస్తే వంకాయల ఆవిడ, నేను. ఆవిడ బుట్ట నెత్తికెత్తుకుని నాలుగడుగులు వేయడం, నేను పిలవడం, అప్పటికి మూడోసారి. సత్యవేణి లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించింది.

సరిగ్గా అప్పుడే హైమావతి గారికి కాగితం అందింది. మా వరుస నడిచిన తొంభై రోజులూ అనధికార గైర్హాజరు. సర్వీసు తెగినట్టు లెక్క. ఇరవై ఒక్కేళ్ళ తర్వాత ఆవిడకీ మళ్ళీ ఒకటి నుంచి.

తువ్వాలు భుజాన వేసుకుని విశ్వపతి గారి గదికి వెళ్ళాను. వెళ్ళేముందు చేతులు కడుక్కున్నాను.

"ఆ తొంభై రోజులూ ఆవిడ రాకపోతే మిషను ఎవరు తెరిచారండీ?" అన్నాను. "తాళం ఆవిడ దగ్గరే కదా. మిషను తెరవకపోతే మా వేలిముద్రలు చెల్లవు. అవి చెల్లకపోతే నూటికి నూరు శాతం క్రమపాలన అని పై కార్యాలయం మీకిచ్చిన ఆ ఇత్తడి బిళ్ళ..."

ఆయన గోడ మీది బిళ్ళ వైపు చూశారు. "ఇలాంటి విషయాలు మౌఖికంగా చర్చించకూడదు. రాతపూర్వకంగా అంగీకరించకూడదు."

"అందుకే ఇది తెచ్చానండీ," అని తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాను. లెక్క నేర్పాను. అరచెయ్యి యాభై, వేలు పది, కణుపు ఒకటి.

ఆయన మూడు వేళ్ళు ఇచ్చారు. ముప్పై రోజుల హాజరు. నేను నవ్వి ఆయన అరచెయ్యి మొత్తం పట్టుకున్నాను, ఆపైన నాలుగు వేళ్ళు. ఆయన లాక్కోబోయారు. వదల్లేదు. యాభైకి వచ్చారు. నేను కాఫీ తెమ్మని బయటికి కేకేశాను. అరవై. కాఫీ చల్లారింది. ఎనభై. ఆయనకి చెమట పట్టింది. బలం లేని మనిషి కాదు, ఆ మిషను మీద రోజూ వేలు పెట్టే మనిషే. కాని బేరం బలంతో ఆడేది కాదు, ఓపిక ఉన్నవాడు ఆడేది. ఎట్టకేలకు యాభై, నాలుగు వేళ్ళు. తొంభై.

అప్పుడు నేనే ఒక కణుపు వెనక్కి ఇచ్చాను. ఆయన అర్థంకాక నా మొహం చూశారు.

"ఎనభై తొమ్మిదో రోజు ఆవిడ రానట్టే ఉండనివ్వండి," అన్నాను. "వచ్చారంటే గడియారం ఎవరు తోశారని మళ్ళీ మొదలవుతుంది. ఒక్కరోజుకి సర్వీసు తెగదు కదండీ?"

"తెగదు. సాధారణ సెలవు కింద సర్దవచ్చు. మరి ఆ రోజు మిషను ఎలా తెరుచుకున్నట్టు?"

"సమయం తనంతట తాను గడిచిన రోజండీ అది. మిషను తెరుచుకోదా?"

ఆయన కలం తీసి ఆ వాక్యం రాసుకున్నారు.

హాజరు సరిచేసిన కాగితం తీసుకుని హైమావతి గారికి ఇచ్చాను. చదివి, "తొంభైకి ఒకటి తగ్గింది," అంది.

"అది మీ కోసం వదిలేసిందమ్మా."

"తెలిసింది," అని కాగితం సంచీలో పెట్టుకుని మిషను తాళం తీయడానికి వెళ్ళింది. ఈసారి పక్కన సబ్బుబిళ్ళ ఉంది.

ఇక చివరి లెక్క. నా చెయ్యి నాకు తిరిగొచ్చింది. జారిపోయిన అయిదు ఊళ్ళలో మూడు వచ్చాయి, రెండు రాలేదు. పదేళ్ళుగా మాటల్లేని ఒక మనిషితో మాట కలిసింది. గోవిందుకి నా చేతి పొత్తు పోయి మళ్ళీ పాత మెత్తదనం వచ్చింది. మండలికి ఇత్తడి బిళ్ళ మిగిలింది. హైమావతి గారికి ఎనభై తొమ్మిది రోజులు, వాటితో ఇరవై ఒక్కేళ్ళూ దక్కాయి. మిగిలిన ఆ ఒక్కరోజు ఎవరి పేరునా లేదు. ఆ రోజు బెల్లం మాత్రం పూర్తిగా కరగకముందే కదిలింది.